నెట్‌వర్క్ కోటకు తాళాలెవరి దగ్గరున్నాయి?

గోల్కొండ కోట చూసినవాళ్ళకు ఆ గోడల సంగతి చెప్పనక్కర్లేదు. 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలల పాటు చుట్టుముట్టి కూర్చున్నా ఆ గోడలు లొంగలేదు. చివరికి ఒక రాత్రి లోపలివాడొకడు లంచానికి ఆశపడి తలుపు తీశాడు, కోట పడిపోయింది.

నెట్‌వర్క్ భద్రత గురించి పాఠం చెప్పేవాళ్ళు సాధారణంగా కోటతోనే మొదలుపెడతారు. ఫైర్‌వాల్ కోటగోడ, యాంటీవైరస్ కాపలావాడు, పాస్‌వర్డ్ తాళం అంటారు. పోలిక బాగానే ఉంది గానీ, గోల్కొండ కథలోని చివరి ముక్కను మాత్రం చాలామంది వదిలేస్తారు. గల్ఫ్ దేశాల్లోనూ, మన హైదరాబాదులోనూ జరిగిన కొన్ని పెద్ద దాడులను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. దాడుల రూపం ఏటా మారుతోంది. కానీ దొంగ ఎక్కువసార్లు గోడ పగలగొట్టి రాలేదు. సంస్థ ఎవరిని నమ్మి తాళాలిచ్చిందో వాళ్ళ చేతిలోంచి ఆ తాళాలు కాజేసి, తలుపు తీసుకుని వచ్చాడు.

దుబాయ్, అబూదాబీ, షార్జాల్లో పనిచేసే తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు ఈ విషయం మరింత ముఖ్యం. బ్యాంకు యూఏఈలో ఉంటుంది, దాని సర్వర్లను చూసుకునే బృందం హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, పుణేలోనో ఉంటుంది. ఇక్కడి క్లయింటు దగ్గర కూర్చునేవారు, అక్కడ ఆఫ్‌షోర్‌లో రాత్రి షిఫ్టు చేసేవారు, ఇద్దరూ మనవాళ్ళే కావచ్చు. అంటే తాళాలు మన దగ్గరే ఉన్నాయన్నమాట.

శుక్రవారం నాటి దోపిడీ

2012 డిసెంబర్ 21. అది శుక్రవారం. అప్పట్లో యూఏఈలో వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు. ఆ రోజు దాదాపు 20 దేశాల్లో ఏటీఎంల దగ్గర కొందరు మనుషులు కార్డులు పెట్టి డబ్బు తీయడం మొదలుపెట్టారు. 4,500కు పైగా లావాదేవీల్లో 50 లక్షల డాలర్లు పోయాయి. అవన్నీ రస్ అల్ ఖైమాకు చెందిన రాక్‌బ్యాంక్ జారీ చేసిన ప్రీపెయిడ్ కార్డుల మీద తీసినవి. అంత డబ్బు తీయడానికి వాడినవి ఐదే ఐదు ఖాతాల నంబర్లు.

ఇదెలా సాధ్యమైంది? 2013 మే నెలలో న్యూయార్క్‌లో అమెరికా ప్రాసిక్యూటర్లు బయటపెట్టిన వివరాల ప్రకారం, దొంగలు చొరబడింది ఆ కార్డుల లావాదేవీలను నడిపే భారతదేశంలోని ఒక ప్రాసెసింగ్ సంస్థలోకి. అక్కడ ప్రీపెయిడ్ కార్డుల ఖాతాలు వెతికి, వాటి నిల్వలను పెంచి, రోజుకింత అనే పరిమితిని ఎత్తేశారు. కార్డు నంబర్లు, పిన్ నంబర్లు దేశదేశాల్లోని తమ ముఠాలకు పంపించారు. ముఠావాళ్ళు ఆ నంబర్లను అయస్కాంతపు పట్టీ ఉన్న ఏదో ఒక ప్లాస్టిక్ కార్డు మీద ఎక్కించి ఏటీఎంలో పెట్టారు. ఏటీఎంకు కావలసింది ఆ పట్టీ మీది సమాచారం. కార్డు మీద ఏ బొమ్మ ఉందో దానికి అనవసరం.

రెండు నెలలు తిరగకుండానే 2013 ఫిబ్రవరి 19, 20 తేదీల్లో ఇదే పద్ధతిలో పక్కనే ఉన్న ఒమాన్‌లోని బ్యాంక్ మస్కట్ కార్డుల మీద దాడి జరిగింది. ఈసారి 12 ఖాతాలు, 24 దేశాలు, 36,000 లావాదేవీలు, 4 కోట్ల డాలర్లు. అదంతా జరగడానికి పట్టింది సుమారు 10 గంటలు. ఒక్క న్యూయార్క్ నగరంలోనే 2,904 సార్లు డబ్బు తీశారు. అంతసేపూ ప్రధాన దొంగలు నెట్‌వర్క్ లోపల కూర్చుని ఎవరెంత తీస్తున్నారో చూసుకుంటూనే ఉన్నారు. ముఠావాళ్ళు తమనే మోసం చెయ్యకుండా అన్నమాట.

దొంగలు ప్రీపెయిడ్ కార్డులనే ఎంచుకోవడంలో ఒక తెలివి ఉంది. ఆ డబ్బు ఏ ఒక్క మనిషి సొంత ఖాతాకూ సంబంధించింది కాదు కాబట్టి, తన డబ్బు పోయిందని బ్యాంకుకు ఫోన్ చేసేవాళ్ళుండరు. లావాదేవీల సరళి చూసి వ్యవస్థే అనుమానించాలి. ఒకే కార్డు ఒకే గంటలో అనేక దేశాల్లో కనిపిస్తే ఆగిపోవాలన్న చిన్న నియమం పనిచేసి ఉంటే నష్టం తొలి గంటలోనే ఆగేది.

మరి బ్యాంకు తన నెట్‌వర్క్ చుట్టూ ఎంత గొప్ప ఫైర్‌వాల్ పెట్టుకున్నా ఇక్కడ ఏం లాభం? దాడి జరిగిన చోటు వేరు, డబ్బు పోయిన చోటు వేరు. సంస్థ నెట్‌వర్క్ అంటే ఆఫీసులోని కంప్యూటర్లు మాత్రమే కాదు, ఆ సంస్థ పని చేసిపెట్టే ప్రతివాళ్ళ కంప్యూటర్లూ కూడా అందులో భాగమే.

అదే కథ, హైదరాబాదులో

పదేళ్ళ తరవాత సంగతి చూద్దాం. 2022 జనవరి 22, 23 తేదీలు, శని ఆదివారాలు. హైదరాబాదులోని మహేశ్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి 12.48 కోట్ల రూపాయలు మాయమయ్యాయి. ముందు ఆ బ్యాంకులోనే ఉన్న కొద్దిపాటి ఖాతాల్లోకి, అక్కడినుంచి ఇతర బ్యాంకుల్లోని వందకు పైగా ఖాతాల్లోకి డబ్బు పారింది. ఆ పైన దేశవ్యాప్తంగా ఏటీఎంల నుంచి నగదుగా మారింది.

ఆ మార్చి చివర్లో హైదరాబాద్ పోలీస్ కమిషనర్ సి.వి. ఆనంద్ విలేకరుల సమావేశంలో వివరాలు చెప్పారు. 2021 నవంబరులో బ్యాంకు ఉద్యోగులకు 200కు పైగా ఫిషింగ్ ఈమెయిళ్ళు వచ్చాయి. ఇద్దరు వాటిని తెరిచారు. దాంతో వాళ్ళ కంప్యూటర్లలో దూరం నుంచి నడిపే ట్రోజన్ ఒకటి, మీటలు నొక్కినవన్నీ రాసుకునే కీలాగర్ ఒకటి దిగాయి. బ్యాంకు లోపలి నెట్‌వర్క్‌లో విభాగాల మధ్య సరైన అడ్డుగోడలు లేవు కాబట్టి దొంగలు అక్కడినుంచి కోర్ బ్యాంకింగ్ వరకూ నడిచివెళ్ళారు. పోలీసులు ఎత్తిచూపిన లోపాల్లో అవసరానికి మించిన సూపర్ యూజర్ ఖాతాలు, వాటిలో కొన్నింటికి ఒకే పాస్‌వర్డ్ ఉండడం కూడా ఉన్నాయి. 2023లో రిజర్వ్ బ్యాంకు ఈ బ్యాంకుకు 65 లక్షల రూపాయల జరిమానా విధించింది.

నవంబరులో తెరిచిన మెయిలుకు ఫలితం జనవరిలో కనిపించిందని గమనించండి. మధ్యలో రెండు నెలలు దొంగ ఇంట్లోనే ఉన్నాడు. దాడిని గుమ్మం దగ్గరే ఆపలేకపోయినా, ఈ రెండు నెలల్లో ఏ రోజు పట్టుకున్నా డబ్బు దక్కేది. రక్షణ అంటే రానివ్వకపోవడం ఒక్కటే కాదు, వచ్చినవాణ్ణి త్వరగా కనిపెట్టడం కూడా.

సంస్థ గడప తొక్కకుండానే

2018 నవంబరులో సిస్కో సంస్థకు చెందిన టాలోస్ పరిశోధకులు ‘డీఎన్‌ఎస్‌పియొనేజ్’ అని పేరుపెట్టి ఒక దాడిని వెల్లడించారు. దాని గురి లెబనాన్, యూఏఈ దేశాల సంస్థలు. వాటిలో యూఏఈ ప్రభుత్వ డొమైన్లు కూడా ఉన్నాయి.

డీఎన్‌ఎస్ అంటే ఇంటర్నెట్ టెలిఫోన్ డైరెక్టరీ అనుకోండి. మనం పేరు అడిగితే అది నంబరు చెబుతుంది. దాడి చేసినవాళ్ళు సంస్థ సర్వర్ల జోలికి వెళ్ళకుండా ఆ డైరెక్టరీలోని నంబరు మార్చేశారు. ఉద్యోగి ఎప్పటిలాగే తన మెయిల్ సర్వర్ పేరు కొడతాడు, వెళ్ళేది దొంగ సర్వర్‌కు. అక్కడ పాస్‌వర్డ్ ఇచ్చేస్తాడు. బ్రౌజరులో తాళం గుర్తు ఉంటుంది కదా అనవచ్చు. డొమైన్ ఎటు చూపిస్తోందో దాన్ని బట్టే ఉచిత సర్టిఫికెట్లు వస్తాయి కాబట్టి, దొంగలు అసలైన సర్టిఫికెట్లే సంపాదించారు. 2019 జనవరి 22న అమెరికా ప్రభుత్వం తన శాఖలన్నిటినీ డీఎన్‌ఎస్ రికార్డులు తనిఖీ చేసుకోమని అత్యవసర ఆదేశం ఇచ్చింది.

మీ సంస్థలో ఒక ప్రశ్న అడిగి చూడండి. మన డొమైన్ పేరు ఎవరి ఖాతాలో రిజిస్టర్ అయింది? చిన్న సంస్థల్లో తరచుగా వచ్చే జవాబు, ‘ఎప్పుడో వెబ్‌సైట్ చేసిపెట్టినాయన దగ్గర ఉంది’ అని. ఆయన ఈమెయిల్ పాస్‌వర్డే మీ కంపెనీ మొత్తానికి తాళం అన్నమాట. ఆ ఖాతాను సంస్థ పేరు మీదికి మార్చుకోవాలి. రెండంచెల లాగిన్ పెట్టాలి. రిజిస్ట్రీ లాక్ దొరికితే తీసుకోవాలి. మన పేరు మీద కొత్త సర్టిఫికెట్ ఎవరైనా తీసుకుంటే తెలిసేలా సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీ లాగులను గమనిస్తూ ఉండాలి. ఇందులో ఖర్చు తక్కువ, శ్రద్ధ ఎక్కువ.

గదుల మధ్య గోడలు

2012 ఆగస్టు 15. రంజాన్ నెల చివరి రోజులు, చాలామంది ఉద్యోగులు సెలవులో ఉన్నారు. సౌదీ అరామ్‌కో కార్యాలయాల్లో షమూన్ అనే వైరస్ సుమారు 30,000 కంప్యూటర్ల డిస్కులను చెరిపేసింది. డబ్బు అడగలేదు, ధ్వంసమే దాని పని. కొద్దిరోజులకే కతార్‌లోని రాస్‌గ్యాస్ సంస్థ కూడా వైరస్ బారిన పడింది.

అయినా అరామ్‌కో చమురు ఉత్పత్తి ఆగలేదు. బావులను, ప్లాంట్లను నడిపే వ్యవస్థలు ఆఫీసు నెట్‌వర్క్‌కు దూరంగా, వేరుగా ఉన్నాయి. ఇంటికి ఒకే తలుపు ఉండి లోపల గదులకు తలుపులు లేకపోతే, వంటింట్లో రాజుకున్న మంట పడకగదిదాకా వస్తుంది. మహేశ్ బ్యాంకులో జరిగిందదే. అరామ్‌కోలో మంట ఆఫీసు గదుల దగ్గరే ఆగింది. రెండు సంస్థలకూ తాహతులో పోలిక లేదు, నిజమే. కానీ రిసెప్షన్ కంప్యూటరు నుంచి అకౌంట్స్ సర్వరుకు దారి ఉండక్కర్లేదని నిర్ణయించడానికి చమురు కంపెనీ కానక్కర్లేదు. ఒక మామూలు స్విచ్, నాలుగు వీల్యాన్లు చాలు.

గొంతు కూడా సాక్ష్యం కాదు

2020 జనవరిలో ఒక కంపెనీ బ్రాంచి మేనేజరుకు, తన కంపెనీ డైరెక్టరు గొంతుతో ఫోన్ వచ్చింది. కంపెనీ మరో సంస్థను కొంటోందని, డబ్బు పంపాలని ఆ మాట. సంబంధించిన ఈమెయిళ్ళు కూడా వచ్చాయి. మేనేజరు నమ్మి 3.5 కోట్ల డాలర్లు పంపాడు. గొంతు యంత్రం తయారుచేసింది. దుబాయ్ ప్రాసిక్యూషన్ దర్యాప్తు చేసిన ఈ కేసు 2021లో అమెరికా కోర్టు పత్రాల ద్వారా లోకానికి తెలిసింది. 2024లో బయటపడిన హాంగ్‌కాంగ్ కేసులో వీడియో కాల్‌లో కనిపించిన సహోద్యోగులంతా కల్పితమే. ఆరప్ అనే ఇంజనీరింగ్ సంస్థ ఉద్యోగి ఆ కాల్ నమ్మి సుమారు 2.5 కోట్ల డాలర్లు 15 విడతలుగా పంపించాడు.

దీనికి విరుగుడు మరో సాఫ్ట్‌వేర్ కాదు. డబ్బు పంపమని గానీ, పాస్‌వర్డ్ మార్చమని గానీ ఎవరు ఏ దారిలో అడిగినా, మన దగ్గర ముందే రాసి ఉన్న నంబరుకు మనమే తిరిగి ఫోన్ చేసి కనుక్కోవాలి. పై అధికారి అడిగితే ఎదురు ప్రశ్న వెయ్యడం మన ఆఫీసుల్లో మర్యాద కాదనుకుంటారు. ఆ మర్యాద మీదే దొంగ ఆధారపడతాడు. అందుకే ఈ నియమాన్ని పై అధికారులే రాసి సంతకం చెయ్యాలి. తిరిగి ఫోన్ చేసినవాణ్ణి కోప్పడకూడదు, మెచ్చుకోవాలి.

ఇక మనం చెయ్యవలసినవి

ఇవన్నీ చదివి కొత్త పెట్టె ఏది కొనాలా అని వెతకనక్కర్లేదు. ముందు ఈ కింది పనులు చెయ్యండి.

మొదటిది, తాళాల జాబితా. అడ్మిన్ ఖాతాలు, సర్వీస్ ఖాతాలు, వెండర్లకు ఇచ్చిన వీపీఎన్‌లు, క్లౌడ్ కీలు అన్నీ ఒక్కచోట రాయాలి. ప్రతిదానికీ ఎదురుగా ఒక మనిషి పేరు ఉండాలి. పేరు దొరకని ఖాతాను మూసెయ్యాలి. యూఏఈలో ఉద్యోగం మారితే వీసా రద్దు కాగితాలు, సెటిల్‌మెంటు తప్పనిసరిగా జరుగుతాయి కదా. ఖాతాల మూసివేతను కూడా అదే ఫారంలో ఒక వరుసగా చేర్చండి. ఆ సంతకం పడేనాటికి పాత ఉద్యోగి వీపీఎన్ పనిచెయ్యకూడదు. ఆఫ్‌షోర్ బృందంలో మనిషి మారినప్పుడు ఈ కాగితం ఉండదు కాబట్టి, వెండర్ ప్రతినెలా జాబితా పంపాలని ఒప్పందంలోనే రాయించుకోవాలి.

రెండోది, ఒక్క చేతిలో పూర్తి తాళం పెట్టకపోవడం. బ్యాంకుల్లో ఒకరు రాస్తే మరొకరు ఆమోదించే పద్ధతి పాతదే. కార్డు పరిమితి మార్చడం, కొత్త అడ్మిన్‌ను సృష్టించడం, ఫైర్‌వాల్ నియమం సడలించడం వంటి పనులకు కూడా అదే పద్ధతి కావాలి. అడ్మిన్ హక్కు పని ఉన్నంతసేపే ఉండాలి. మెయిల్ చదువుకునే ఖాతాతో సర్వర్లోకి వెళ్ళకూడదు.

మూడోది, పాస్‌వర్డుకు తోడు రెండో ఋజువు. ఇందులోనూ దాడులు మారాయి. 2022 సెప్టెంబరులో ఊబర్ సంస్థలోకి చొరబడినవాడు ఒక కాంట్రాక్టర్ పాస్‌వర్డు సంపాదించి, అతని ఫోనుకు ఆమోదం కోరుతూ మళ్ళీ మళ్ళీ అభ్యర్థనలు పంపాడు. చివరికి ఒకటి ఆమోదం పొందింది. అందుకే ఉత్త ‘సరే’ మీట సరిపోదు. తెర మీద కనిపించే అంకె కొట్టించే పద్ధతో, ఇంకా మేలైన సెక్యూరిటీ కీ, పాస్‌కీ పద్ధతో వాడాలి. యూఏఈ బ్యాంకులు కూడా 2025 జూలై నుంచి దశలవారీగా ఎస్సెమ్మెస్ ఓటీపీల నుంచి యాప్‌లో ఆమోదానికి మారుతూ వచ్చాయి.

నాలుగోది, ప్యాచ్‌లు, బ్యాకప్‌లు. 2017 మే 12న వన్నాక్రై ప్రపంచమంతా పాకింది. దానికి కావలసిన ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలో ఇచ్చింది. వేసుకోనివాళ్ళు దెబ్బతిన్నారు. వాళ్ళలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా ఉన్నాయి. ఇక బ్యాకప్ విషయంలో, కనీసం ఒక ప్రతి నెట్‌వర్క్‌కు అందని చోట ఉండాలి. మూడు నెలలకోసారి దానినుంచి ఒక సర్వరును నిజంగా లేపి చూడాలి. లేపి చూడని బ్యాకప్ మీద భరోసా పెట్టుకోలేం.

ఐదోది, లాగులు. అవి దాడికి గురైన సర్వరులోనే ఉంటే దొంగ పోతూ చెరిపేస్తాడు, కాబట్టి వేరే చోటుకు పంపాలి. గల్ఫ్ సమయానికీ, మన దేశ సమయానికీ గంటన్నర తేడా ఉంది. రెండు దేశాల సర్వర్ల లాగులు వేరువేరు సమయాల్లో ఉంటే దాడి జరిగిన రోజున క్రమం కూర్చడానికే సగం రాత్రి పోతుంది. అన్నిటినీ యూటీసీలో పెట్టండి. ఆ లాగులను సెలవు రోజుల్లో ఎవరు చూస్తారో రాసి పెట్టండి. పైన చెప్పిన దాడుల్లో మూడు సెలవుల్లోనే జరిగాయి. 2022 జనవరి నుంచి యూఏఈలో వారాంతం శని, ఆదివారాలకు మారింది. దొంగల క్యాలెండరు కూడా దానితోపాటే మారుతుంది.

చట్టం సంగతి

యూఏఈ కంప్యూటర్ నేరాల మీద 2006లోనే చట్టం చేసింది. దాన్ని 2012లో కొత్త చట్టంతో మార్చింది. 2021 నాటి 34వ నంబరు చట్టం 2022 జనవరి 2 నుంచి అమలులోకి వచ్చింది. 2008లో ఏర్పడిన ఏఈసర్ట్, 2014 నాటి చట్టంతో వచ్చిన దుబాయ్ ఎలక్ట్రానిక్ సెక్యూరిటీ సెంటర్, 2020 నవంబరులో ఏర్పాటైన సైబర్ సెక్యూరిటీ కౌన్సిల్ ఈ రంగంలోని ముఖ్యమైన సంస్థలు.

మనవాళ్ళు ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. అనుమతి లేకుండా మరొకరి వ్యవస్థలోకి వెళ్ళడం నేరం, ఉద్దేశం మంచిదైనా సరే. క్లయింటు నెట్‌వర్క్‌లో లోపం ఉందని అనిపించి ఉత్సాహంగా స్కానర్ నడిపితే ఉద్యోగంతో ఆగకపోవచ్చు. ఏ సర్వర్లు, ఏ తేదీలు, ఏ పద్ధతులు అన్నది రాతలో అనుమతి తీసుకున్నాకే చెయ్యండి. లోపం కనిపించినా, పొరపాటున లింకు నొక్కినా దాచకుండా వెంటనే చెప్పండి. ఉద్యోగం పోతుందేమో, వీసా పోతుందేమో అన్న భయంతో దాచే రెండు రోజులే దొంగకు చాలు. బృందాన్ని నడిపే స్థానంలో మీరుంటే, చెప్పినవాళ్ళను శిక్షించబోమని ముందే మాట ఇవ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి.

రాక్‌బ్యాంక్ కేసులో దుబాయ్ నుంచి న్యూయార్క్ దాకా అందరూ దొంగల తెలివి గురించే మాట్లాడుకున్నారు. భారతదేశంలోని ఆ ప్రాసెసింగ్ సంస్థలో కార్డు పరిమితులు మారిన క్షణం మాత్రం ఎవరి కంటా పడలేదు. అలాంటి తెర ముందు రోజూ కూర్చునేవాళ్ళలో మనవాళ్ళు వేలమంది ఉన్నారు. ఈ వారం ఒక పని చెయ్యండి. మీ పేరు మీద ఎన్ని అడ్మిన్ ఖాతాలున్నాయో లెక్కపెట్టండి. అందులో గత మూడు నెలల్లో వాడనివి ఉంటే తీసెయ్యమని మీరే అడగండి.